దుగ్గిరాల దాటగానే వెలిగే ఎర్ర లైటు

పాత కార్ల డైనమోలు బాగుచేసే ఒక మేస్త్రిగారి షాపు గురించి ఇది. మార్కులు ముందే చెప్పేస్తాను. ముప్పయ్యేళ్లకు పైగా లెక్కల పేపర్లు దిద్దిన చెయ్యి నాది, స్టార్లు పెట్టడం చేతకాదు. పనికి వందకి 95. షాపుకి, అంటే కూర్చునే చోటు, టైము, ఫోను అన్నీ కలిపి, 40. సగటు తియ్యను. రెండూ వేరే సబ్జెక్టులు.

షాపు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక ఒక సందులో ఉంది. బోర్డు మీద రంగు రాలిపోయి "సెల్ఫ్, డైన" దాకానే మిగిలింది. ఇక్కడ తన పేరు, ఫోన్ నంబరు రాయొద్దని మేస్త్రిగారే అన్నారు. "ఉన్న పనికే చేతులు చాలట్లేదమ్మా. కొత్తవాళ్లొస్తే కసురుకోవాల్సొస్తుంది" అని. అందుకని రాయను. పాత డైనమోలు చూసే సాయిబుగారు ఎక్కడ అని అక్కడ ఇద్దర్ని ముగ్గుర్ని అడిగితే ఎవరో ఒకరు చెయ్యి చూపిస్తారు. నాకూ అలాగే దొరికారు.

మా కారు 1955 మోరిస్ మైనర్. ముందు అద్దం మధ్యలో బద్దతో రెండు ముక్కలుగా ఉంటుంది, ఇంజను 803 సీసీ. మలుపు తిరగాలంటే తలుపు పక్క స్తంభంలోంచి చిన్న నారింజ రంగు చెయ్యి బయటికొస్తుంది. తెనాలి పిల్లలకి ఆ చెయ్యంటే మహా ఇష్టం. నాన్న మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక బండి నా చేతికొచ్చింది. నెలకి నాలుగైదుసార్లు తీస్తాను. గుడికి, పెళ్లిళ్లకి, ఒక్కోసారి ఊరికే.

జబ్బు ఇదీ. పొద్దున బండి తీస్తే అంతా బాగుంటుంది. తాళం తిప్పగానే డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. తెనాలిలో బయలుదేరి పది పన్నెండు కిలోమీటర్లు, దుగ్గిరాల దాటేసరికి అదే లైటు మెల్లగా మళ్లీ వెలుగుతుంది. ముందు నిప్పు కణికంత, తరవాత పూర్తిగా. ఇక ఆరదు. ఇంటికొచ్చి మర్నాడు తీస్తే మళ్లీ మామూలే.

కొత్త కార్లు నడిపేవాళ్ల కోసం ఒక మాట. ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపడానికి ఈ బళ్లలో ఆల్టర్నేటర్ ఉండదు, డైనమో ఉంటుంది. ఆ ఎర్ర లైటుకి ఒక పక్క బ్యాటరీ, ఇంకో పక్క డైనమో. రెండు వైపులా వోల్టేజి సమానమైతే బల్బులో కరెంటు పారదు, ఆరిపోతుంది. వెలుగుతోందంటే డైనమో వెనకబడిందన్నమాట. అప్పుడు ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్, లైట్లు, హారన్ అన్నీ బ్యాటరీనే పీల్చుకు తింటాయి. మా బండిలో పెట్రోలు పంపు కూడా కరెంటుదే. ఒక రాత్రి మంగళగిరిలో పెళ్లి చూసుకుని వస్తుంటే హెడ్‌లైట్లు నూనె అయిపోయిన దీపంలా కొండెక్కాయి. పంపు టిక్కుటిక్కు నెమ్మదించింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సరిగ్గా దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర. పట్టుచీరలో, పసుపు ఘాటులో, దోమల్లో గంటన్నర నిలబడ్డాను.

దీనికి ముగ్గురు మెకానిక్కులు వైద్యం చేశారు. ఊళ్లూ పేర్లూ అనవసరం. మొదటాయన బ్యాటరీ పోయిందన్నాడు, మార్చాడు. ఆర్నెల్లకి ఇంకోటి. రెండోవాడు డైనమోకీ బ్యాటరీకీ మధ్య ఉండే కటౌట్ పోయిందని ఆ డబ్బా మొత్తం మార్చేశాడు. మూడో కుర్రాడు బాగా చదువుకున్నవాడే, "ఆంటీ, ఈ డైనమో తీసి పారేసి మారుతి 800 ఆల్టర్నేటర్ వేసేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నేను లెక్క రాసి పెట్టుకున్నాను: రెండు బ్యాటరీలు 9,600, కటౌట్ డబ్బా 1,900, కూలీలు 1,500. మొత్తం 13,000 రూపాయలు. లైటు మాత్రం దుగ్గిరాల దాటగానే వెలుగుతూనే ఉంది.

నేను ఆటోనగర్ వెళ్లింది శుక్రవారం. అదీ నా మొదటి ఫిర్యాదు. పన్నెండున్నరకి చేరాను, షాపులో ఒక కుర్రాడు తప్ప ఎవరూ లేరు. "నమాజుకెళ్లారు, తిని వస్తారు" అన్నాడు. మేస్త్రిగారు వచ్చేసరికి మూడు. అంతసేపూ పాత టైరు మీద గోనెసంచి పరిస్తే దాని మీద కూర్చున్నాను. నీడ ఉంది, ఫ్యాను లేదు. ఆడవాళ్లు బాత్రూముకి వెళ్లాలంటే మెయిన్ రోడ్డు దాకా నడవాలి. అంతకుముందు రెండు రోజులు ఫోను చేస్తే ఎత్తలేదు. ఎత్తుంటే శుక్రవారం వద్దని చెప్పేవారేమో.

ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. తెల్లగడ్డం, చెవి వెనక పెన్సిలు. బానెట్ ఎత్తి చూసి ముందడిగిన మాట, "బాడీకి ప్లస్సా, మైనస్సా?" నేను మనసులో ఐదు మార్కులు వేసేశాను. మా బండికి ప్లస్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి బిగిస్తారు. ఇప్పటి బళ్లన్నీ దీనికి ఉల్టా. ముగ్గురు మెకానిక్కుల్లో ఒక్కడూ అడగలేదు. ఆల్టర్నేటర్ మాటెత్తితే నవ్వారు. "ఎర్త్ మార్చకుండా అది పెడితే డయోడ్లు ఆ క్షణమే కాలిపోతాయి తల్లీ. రోజూ రాత్రుళ్లు తిరిగే బండైతే అన్నీ మార్చి వేసుకోవచ్చు, తప్పేం లేదు. నీ గుడికీ పెళ్లికీ ఇది చాలు." డైనమో 19 ఆంపియర్లు ఇస్తుంది. హెడ్‌లైట్లు, వెనక లైట్లు, కాయిల్, పంపు అన్నీ కలిపినా ఆ లోపే.

తరవాత బెల్టు నొక్కి చూశారు. బాగానే ఉంది. డైనమో మీద రెండు తీగలుంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండూ పీకేసి, ఆ రెండు టెర్మినళ్లనీ చిన్న రాగి తీగతో కలిపారు. మీటరు ఒక కొస తీగకి, రెండోది డైనమో ఒంటికి. సూది మీటరు. డిజిటల్ ఎందుకు వాడరని అడిగాను. "అది అంకెలు చెప్తుందమ్మా, వణుకు చూపించదు" అన్నారు. ఇంజను నెమ్మదిగా నడిపించి కాస్త రేజ్ చేయమన్నారు. సూది తడబాటు లేకుండా లేచింది, పది, పదిహేను, ఇరవై దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపమన్నారు. అలా తీగలు పీకినప్పుడు అదుపు చేసేదేమీ ఉండదు, ఇంకా రేజ్ చేస్తే కాయిళ్లు మాడిపోతాయట.

"డైనమో దివ్యంగా ఉంది" అన్నారు. నా గుండె జారింది. మొదటి ఇద్దరూ సరిగ్గా ఈ మాటే అన్నారు.

అయితే ఆయన అక్కడ ఆగలేదు. మీటరు పక్కన పెట్టి, "ఇప్పుడు బాగుంది. మరి ఎప్పుడు బాగుండదు?" అని అడిగారు.

నేను ఇన్ని మార్కులు వేసింది ఈ ఒక్క ప్రశ్నకే. దుగ్గిరాల సంగతి చెప్పాను. పొద్దున వస్తున్నప్పుడూ వెలిగిందనీ, ఇక్కడ రెండున్నర గంటలు ఆగి ఉందనీ చెప్పాను. "అదీ! చల్లారిపోయింది. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి తీసుకొస్తే ఏం చెప్తాడు? పద, వేడెక్కిద్దాం." తీగలు మళ్లీ బిగించి పక్క సీట్లో కూర్చున్నారు. బందరు రోడ్డు మీద కానూరు, పోరంకి దాటి వెళ్లి, వెనక్కి తిరిగాం. ఎండ మండిపోతోంది. వచ్చేటప్పుడు కానూరు దగ్గర లైటు కణికలా వెలిగింది. నాకు జీవితంలో మొదటిసారి దాన్ని చూసి సంతోషమేసింది.

షాపులోకి రాగానే ఇంజను ఆపనివ్వలేదు. గుడ్డ చుట్టుకుని వేడి డైనమో మీద తీగలు పీకి, మళ్లీ అదే పరీక్ష. ఈసారి సూది కాస్త కదిలి ఒక వోల్టు లోపే ఆగింది. ఎంత రేజ్ చేసినా అక్కడే పడుకుంది.

"ఒకటి లోపు ఆగితే ఫీల్డు. నాలుగు ఐదు దగ్గర ఆగితే ఆర్మేచరు. అసలు కదలకపోతే ముందు బ్రష్షులు చూడు" అని కుర్రాడికి చెప్పారు, ఎక్కం అప్పజెప్పించినట్టు. ఆర్మేచరు అంటే డైనమో లోపల తిరిగే భాగం, ఫీల్డు అంటే దాని చుట్టూ కదలకుండా ఉండి అయస్కాంతాన్నిచ్చే కాయిల్, బ్రష్షులు అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు బయటికి తెచ్చే ముక్కలు. దీని వెనక లెక్క నాకు అర్థమైంది. డైనమో లోపల ఇనుములో కాస్త అయస్కాంతం ఎప్పుడూ మిగిలి ఉంటుంది. ఫీల్డ్ కాయిల్ తెగినా దాని పుణ్యాన ఒక వోల్టు లోపు పుడుతుంది. కాయిల్ బాగుంటే ఆ కొంచెమే తిరిగి కాయిల్లోకి పారి, అయస్కాంతాన్ని పెంచి, వోల్టేజిని పెంచి, చక్రవడ్డీలా పెరిగిపోతుంది. కాయిల్ తెగితే అసలు మాత్రమే ఉంటుంది, వడ్డీ ఉండదు.

ఇంజను ఆపి, రాగి తీగ తీసేసి, మీటరుని ఓంల మీద, అంటే తీగలో కరెంటుకి ఎంత అడ్డుందో చూపించేలా పెట్టి, ఎఫ్ టెర్మినల్‌కీ ఒంటికీ మధ్య కట్టారు. ఆరు ఓంల పైచిలుకు రావాలి. సూది కదల్లేదు, అంటే దారి తెగిపోయింది. ఆయన ఇంకేం చేయలేదు. టీ తెప్పించారు. "చూస్తూ ఉండు" అన్నారు. ఇద్దరం గ్లాసులు పట్టుకుని మీటరు ముందు కూర్చున్నాం, రిజల్టు కోసం కూర్చున్న పిల్లల్లా. డైనమో మీంచి వస్తున్న సెగ కాసేపటికి తగ్గింది. నా గ్లాసు అడుగున చివరి గుక్క ఉండగా సూది ఎగిరి ఆరు మీద కూర్చుంది. ఎవరూ ముట్టుకోలేదు. మేస్త్రిగారు గోటితో డైనమోని టక్కుమని కొట్టారు. సూది పడిపోయింది. మళ్లీ కొట్టారు. లేచింది.

విప్పి చూస్తే ఫీల్డ్ కాయిల్ తోక ఎఫ్ టెర్మినల్‌కి అతికిన చోట టంకం చిట్లి ఉంది. వెంట్రుకంత చీలిక. చల్లగా ఉన్నప్పుడు ఆనుకుని ఉంటుంది, వేడెక్కి లోహం సాగగానే విడిపోతుంది. పన్నెండు కిలోమీటర్లకి అదీ కారణం.

ఎందుకు చిట్లింది అన్నదానికి ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోను. ఆర్మేచరు తీసి చూపించారు. ఒక పక్క ఇనుము అద్దంలా మెరుస్తోంది. వెనక ఇరుసుని పట్టి ఉంచే బుష్ అరిగిపోయి, ఆర్మేచరు కిందికి జారి, లోపలి ఇనుప దిమ్మలకి రాసుకుంటోందట. "ఆ అదురుకి టంకం నిలుస్తుందా? వెనక రంధ్రంలో నూనె ఎవరు వేస్తున్నారు?" ఎవరూ వేయట్లేదు. డైనమో వెనక మూతకి నడిమధ్య చిన్న రంధ్రం ఉంటుంది. నాన్న చెవి మందు వేసే గాజు డ్రాపర్‌తో అందులో రెండు చుక్కల ఇంజనాయిల్ వేసేవారు. నేను చూసేదాన్ని, ఆ నూనె ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయాక బండికి రంగు వేయించినప్పుడు ఆ రంధ్రం మీద కూడా రంగు పడి మూసుకుపోయింది. ఆ తప్పు మెకానిక్కులది కాదు, నాది.

ఇక పని. కొత్త ఫీల్డ్ కాయిళ్లు అంటగడతారేమో అనుకున్నాను. అడిగితే, "తీగ బాగుంది, ఎందుకు?" అన్నారు. తోక తిరిగి టంకం పెట్టి, పాడైన నాడా విప్పి కొత్తది చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టారు. ఆర్మేచరుని గ్రౌలర్ మీద పెట్టారు. గ్రౌలర్ అంటే వి ఆకారంలో ఉండే కరెంటు దిమ్మ. దాని మీద ఆర్మేచరు తిప్పుతూ, పైన హాక్సా బ్లేడు ఆనించాలి. వైండింగులో చుట్లు ఒకదానికొకటి తగిలి ఉంటే బ్లేడు గుర్రుమని కొట్టుకుంటుంది. మాది ఉలకలేదు. తేడా తెలియాలని, చెత్త డబ్బాలోంచి ఒక చచ్చిన ఆర్మేచరు తీసి పెట్టి, బ్లేడు నా చేతికిచ్చారు. తేనెటీగని గుప్పిట్లో పట్టుకున్నట్టయింది. ఇంత బాగా నేను ఏ పాఠమూ చెప్పలేదు.

కమ్యుటేటర్‌ని, అంటే ఆర్మేచరు కొసన బ్రష్షులు ఆనే రాగి పలకల చుట్టని, లేత్ మీద పట్టించి, రాగి పలకల మధ్య మైకాని బ్లేడుతో కిందికి చెక్కారు. మైకా రాగితో సమానంగా ఉంటే బ్రష్షులు ఎగిరెగిరి పడి నిప్పురవ్వలు వస్తాయి. ఆ చెక్కే బ్లేడు కూడా హాక్సా బ్లేడే, పక్కలు సానపట్టి మైకా మందానికి తెచ్చుకున్నది. చివర నునుపు చేయడానికి కుర్రాడు ఎమరీ పేపర్ అందిస్తే చెయ్యి మీద ఒక్కటేశారు. ఎమరీ పొడి సందుల్లో ఇరుక్కుంటే షార్ట్ అవుతుందట. వడ్రంగులు వాడే గాజు కాగితమే వాడాలి.

కొత్త బుష్ మాత్రం ఆ రోజు వేయలేదు. అది సన్నని రంధ్రాలున్న కంచు, నూనెలో ఒక రోజంతా నానాలి. "ఇప్పుడే కొట్టి పంపిస్తే నీకు బాగుంటుంది, దానికి బాగుండదు." శనివారం నానింది, ఆదివారం ఆటోనగర్ సెలవు. కాబట్టి సోమవారం. ఇది ఫిర్యాదో మెప్పో నాకే తేలడం లేదు. బస్సులో తెనాలి వెళ్లి, సోమవారం మళ్లీ బస్సులో వచ్చాను. రెండు రోజుల పని అని మొదటే చెప్పి ఉంటే వేరే చీర తెచ్చుకుని విజయవాడలోనే ఉండిపోయేదాన్ని.

సోమవారం ఇంకో సంగతి బయటపడింది. కటౌట్ అని మన మెకానిక్కులు పిలిచే డబ్బాలో నిజానికి రెండు పనులున్నాయి. ఒకటి కటౌట్, డైనమో వెనకబడ్డప్పుడు బ్యాటరీ కరెంటు డైనమోలోకి తిరగబడకుండా దారి తెంపుతుంది. రెండోది రెగ్యులేటర్, వోల్టేజి హద్దు దాటకుండా చూస్తుంది. రెండో మెకానిక్కు వేసిన కొత్త డబ్బాలో కటౌట్ పాయింట్ల మధ్య క్యాలెండర్ కాగితం ముక్క దూర్చి, డి దగ్గర మీటరు పెడితే 18 చూపించింది. ఇలా చూసినప్పుడు 16 దగ్గర ఉండాలి. మన ఎండలకి ఇంకో పిసరు తక్కువే మంచిది. అంటే డైనమో చల్లగా ఉన్నంతసేపూ బ్యాటరీని ఉడకబెట్టింది, వేడెక్కాక పస్తు పెట్టింది. బ్యాటరీలో నీళ్లు తరచూ ఎందుకు అయిపోతున్నాయా అనుకునేదాన్ని.

"పాతది పారేశావా?" డిక్కీలో గోనెగుడ్డలో చుట్టి ఉంది. నాన్న అలవాటు, ఏదీ పారెయ్యను. మూత మీద లూకాస్ అని చదివి, మేస్త్రిగారు దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. పాయింట్లు తుడిచి, అదే బిగించి, మళ్లీ కాగితం దూర్చి, స్క్రూ సగం తిప్పి సగం వెనక్కి తిప్పి, పదహారుకి ఒక పిసరు కింద ఆపారు. అర నిమిషంలో అయిపోవాలట. ఎక్కువసేపు అలా ఉంచితే లోపలి కాయిల్ వేడెక్కి అంకె తప్పుగా చూపిస్తుంది. ఇంజను స్టార్ట్ చేసే ముందే ఎఫ్ తీగ విప్పి, బ్యాటరీ మైనస్‌లోంచి ఒక తీగ తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కి చిటికెలో తాకించి తీశారు. విప్పి బిగించిన డైనమోకి తన ప్లస్ ఏదో మైనస్ ఏదో ఇలా గుర్తు చేయాలి. ప్లస్సా మైనస్సా అని శుక్రవారం అడిగింది ఇందుకూ పనికొచ్చింది.

బిల్లు ఇవ్వరు. అదీ 40 మార్కుల్లోకే. నేను అడిగి సిగరెట్ పెట్టె అట్ట మీద రాయించుకున్నాను: బ్రష్షులు 250, బుష్ 350, లేత్ 300, ఫీల్డ్ కాయిల్ పని 600, కటౌట్ సెట్టింగు 200, కూలి 1,100. మొత్తం 2,800. బేరం ఆడటానికి నోరు రాలేదు. సీటు మీద కుర్రాడి గ్రీజు చెయ్యి పడింది, నిమ్మచెక్కతో రుద్దినా ఐదు వేళ్లూ లెక్కపెట్టొచ్చు.

మీరు వెళ్తే: శుక్రవారం, ఆదివారం వద్దు. పొద్దున తొమ్మిదికి వెళ్లండి. కుర్చీ దొరకదు. జబ్బు ఎప్పుడొస్తుందో, ఎంత దూరం నడిచాక వస్తుందో, లైటు సన్నగా వెలుగుతుందో పూర్తిగా వెలుగుతుందో రాసుకుని వెళ్లండి, అవన్నీ అడుగుతారు. "డైనమో మార్చేయండి" అని మాత్రం అనకండి.

ఇది జరిగి నాలుగు నెలలైంది. వారం రోజులు ఆగి, దుగ్గిరాల మీదుగా మంగళగిరి వెళ్లి వచ్చి, లైటు వెలగలేదని చెబుదామని ఫోను చేశాను. ఎనిమిదోసారికి ఎత్తారు. నేను ఎవరో చెప్పి, లైటు సంగతి చెప్పబోతుంటే, "రంధ్రంలో నూనె వేశావా?" అన్నారు. వేశానన్నాను. పెట్టేశారు.